అవిశ్వాసం – రెండు భాషల అద్దంలో

'అనుమానం పెనుభూతం' అన్నారు పెద్దలు. ఆ భూతం లేని జాతి లేదు. పిలిచే పేర్లు మాత్రమే వేరు. ఇంగ్లీషు, స్లోవేనియన్ భాషలు ఆ భావాన్ని వ్యక్తీకరించే తీరును విద్యార్థి లోకానికి సంగ్రహంగా వివరించటమే మా ఉద్దేశం. స్లోవేనియన్ మధ్య యూరపులోని స్లోవేనియా దేశపు భాష, స్లావ్ కుటుంబానికి చెందినది. ఆ భాషలో తొలి అచ్చుపుస్తకాలను 1550లో ప్రిమోష్ త్రూబర్ వెలువరించాడు.

ఇంగ్లీషులో 'ట్రస్ట్' అనగా నమ్మకం. దానికి ముందు 'మిస్' చేరినా, 'డిస్' చేరినా అవిశ్వాసమే. 'మిస్' జర్మానిక్ ఉపసర్గ. 'డిస్' లాటిన్ నుండి వచ్చినది. పలువురు ఈ రెండు మాటలను భేదం లేకుండా వాడుతారు. అయినను సూక్ష్మంగా పరిశీలిస్తే, కారణం స్పష్టంగా తెలియని శంక 'మిస్‌ట్రస్ట్' అనీ, అనుభవం నేర్పిన అపనమ్మకం 'డిస్‌ట్రస్ట్' అనీ చెప్పవచ్చును. బద్‌గుమానీకీ బేఎతిబారీకీ గల తేడా ఎరిగిన మన ఉర్దూ విద్యార్థులకు ఇట్టి వివేచన కొత్త కాదు.

స్లోవేనియన్‌లో అవిశ్వాసాన్ని 'నెజఊపన్యె' అంటారు. 'నె' నిషేధార్థకం. నమ్ముట అనే అర్థంగల 'జఊపతి' క్రియ లోపల, ఆశించుట అనే అర్థంగల 'ఊపతి' దాగి ఉన్నది. అనగా ఆ భాషలో నమ్మకం ఆశ నుండి పుట్టినది. రహస్యాన్ని ఒకరికి అప్పగించుటకూ ఆ క్రియనే వాడుతారు. మనం 'నాకు ఆయనమీద నమ్మకం లేదు' అంటాము. 'కు' విభక్తి నమ్మనివానికి చేరుతుంది. వారు 'నె జఊపమ్ ము' అంటారు. అక్కడ 'కు' వంటి విభక్తి నమ్మకం పొందనివానికి చేరుతుంది.

ఇక జాగ్రత్త పడవలసిన చోటు వేరొకటి ఉన్నది. ఒక సంగతి నిజం కాదేమో అని తోచుట ఇంగ్లీషులో 'డౌట్', స్లోవేనియన్‌లో 'ద్వోమ్'. రెంటి మూలంలోనూ 'రెండు' అనే భావం ఉన్నది; మన ద్వైధీభావం వంటిదే. సంగతి నిజమేనేమో అని శంకించుట ఇంగ్లీషులో 'సస్పెక్ట్', స్లోవేనియన్‌లో 'సూమితి'. తెలుగులో 'వస్తాడో రాడో అనుమానమే' అన్నా, 'అతడే తీశాడని అనుమానం' అన్నా మాట ఒక్కటే. కనుక అనువాదంలో తొందరపడితే అర్థం తలక్రిందులవుతుంది. 'అతడు దొంగిలించాడంటే నమ్మలేను' అన్నవాడి నోట 'దొంగ అతడేనేమో' అని పలికించినవారమవుతాము. ఒక్క క్రియ పొరపాటుతో నిరపరాధి నిందితుడు కాగలడు.

శాసనసభలలోనూ ఈ పదానికి స్థానం ఉన్నది. మన అవిశ్వాస తీర్మానానికి స్లోవేనియన్‌లో 'నెజఉప్నీత్స' అని పేరు. 1991 నాటి వారి రాజ్యాంగం ప్రకారం, తొంబదిమంది సభ్యులుగల జాతీయసభ ప్రభుత్వంపై అవిశ్వాసం ప్రకటించి ఊరుకొనరాదు. మొత్తం సభ్యులలో అధిక సంఖ్యాకుల ఓటుతో కొత్త ప్రధానిని ఎన్నుకొన్నప్పుడే పాత ప్రభుత్వం తొలగుతుంది. 2013 ఫిబ్రవరిలో యానెజ్ యాన్షా స్థానంలో అలెంకా బ్రాతుషెక్ ఈ పద్ధతిలోనే ఎన్నికైనారు.

ఆ నియమం సభలకే కాక స్నేహాలకూ వర్తిస్తుందని మా భావన. నమ్మను అని చెప్పుట సులభం. ఎవరిని, దేనిని నమ్ముదుమో కూడ చెప్పగలిగినప్పుడే ఆ మాటకు బాధ్యత కలుగుతుంది. భాషలను అభ్యసించే మన విద్యార్థులు పదాన్ని తూచి పలుకుట నేర్చిన, మనిషిని తూచుటలోనూ తొందరపడరని ఆశిస్తున్నాము.