వీరుడికీ ఏజ్‌లిమిట్ ఉంటే...

సూపర్‌మ్యాన్ పుట్టింది 1938లో. ఇప్పటికీ తల నెరవలేదు. తాతయ్య చదివినప్పుడూ కుర్రాడే, మనవడు చదువుతున్నప్పుడూ కుర్రాడే. కానీ కొన్ని కామిక్స్‌లో ఆ వీరులకీ వయసు మీదపడుతుంది. మోకాళ్లు పట్టేస్తాయి, పిల్లలు ఎదురు చెబుతారు. చిత్రమేంటంటే... చదివినవాళ్ల మనసులో ఎక్కువకాలం ఉండిపోయేది ఆ ముసలి వీరులే!

అశోక్‌నగర్‌లో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా ఓ ప్రశ్న వినిపిస్తుంది. 'నీకింకా ఎన్నేళ్లుంది?' సర్కారీ కొలువుకి దరఖాస్తు చేసుకునే వయసు ఇంకా ఎన్నేళ్లు మిగిలింది అని దానర్థం. పక్కనే ఉన్న చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో టిఫిన్‌బాక్సు పక్కన పెట్టుకుని పొద్దంతా చదివే కుర్రాళ్లందరికీ ఈ లెక్క నోటికొచ్చు. సివిల్స్‌కి జనరల్ కేటగిరీలో 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. తెలంగాణలో యూనిఫాం లేని పోస్టులకు గరిష్ఠ వయసుని 2024లో 46కి పెంచారు. అది దాటితే 'ఏజ్‌బార్'.

అదే వీధుల్లో పిల్లల స్కూలు బ్యాగుల మీదా నీళ్ల సీసాల మీదా కనిపించే స్పైడర్‌మ్యాన్‌కి మాత్రం ఆ బెంగే లేదు. 1962లో తొలిసారి కనిపించినప్పుడు అతను పదిహేనేళ్ల స్కూలు కుర్రాడు. మన లెక్కన 2022కే 75 నిండాలి. కానీ ఇంకా కుర్రాడిలాగే గోడలెక్కుతున్నాడు!

యుద్ధం మారింది... వయసు మారలేదు

దీని వెనకున్నది మంత్రమేమీ కాదు, వ్యాపారం. పదేళ్లకో కొత్తతరం పిల్లలు పాఠకులుగా వస్తారు. వాళ్లకి కావలసింది పడుచు వీరుడు. పెళ్లై, పిల్లలు పుట్టి, బట్టతల వస్తే బొమ్మలెవరు కొంటారు? అందుకే ప్రచురణ సంస్థలు ఓ చిట్కా కనిపెట్టాయి. కథ ఎప్పుడు చదివినా అది 'కొన్నేళ్ల కిందటే' మొదలైనట్టు ఉంటుంది. 1963లో వచ్చిన తొలి కథలో ఐరన్‌మ్యాన్ కవచం తయారైంది వియత్నాం యుద్ధంలో. 2008 నాటి సినిమాకొచ్చేసరికి అది అఫ్గానిస్థాన్ అయింది. యుద్ధాన్ని మార్చేశారు తప్ప హీరో వయసుని పెంచలేదు.

మన దగ్గరా ఇది కొత్తేం కాదు. 1950ల్లో 'ఆంధ్రపత్రిక' వారపత్రికలో అల్లరి మొదలుపెట్టిన ముళ్లపూడి బుడుగు ఇప్పటికీ నిక్కరులోనే ఉన్నాడు. చందమామలో బేతాళుణ్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడికి అలుపన్నదే లేదు. ఆ బొమ్మని దశాబ్దాలపాటు గీసిన శంకర్ మాత్రం తొంభై ఏళ్లు దాటిన వయసులో, 2020లో కన్నుమూశారు. గీసే చెయ్యి ముడతలు పడినా గీసిన వీరుడికి ఒక్క ముడతా రాలేదు.

ఈ రెంటికీ మధ్య దారి పట్టినవాడు ఫాంటమ్. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఈ ముసుగు వీరుడు ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా 1964 నుంచి మన పిల్లలకి దగ్గరయ్యాడు. అడవి జనం అతనికి చావు లేదనుకుంటారు. నిజమేంటంటే, 1536 నుంచీ తండ్రి పోగానే కొడుకు అదే ముసుగు తొడుక్కుంటున్నాడు. మనకి తెలిసినవాడు ఇరవై ఒకటోవాడు. 1977లో పెళ్లి చేసుకున్నాడు, తర్వాత కవలలకి తండ్రీ అయ్యాడు. అంటే ఇక్కడ అమరత్వం మనిషిది కాదు, ముసుగుది!

55 ఏళ్ల బ్యాట్‌మ్యాన్

మరి వీరుణ్ని నిజంగానే ముసలివాణ్ని చేస్తే?

1986లో ఫ్రాంక్ మిల్లర్ ఆ పని చేశాడు. 'ద డార్క్ నైట్ రిటర్న్స్'లో బ్యాట్‌మ్యాన్‌కి 55 ఏళ్లు. పనిమానేసి పదేళ్లయింది. అశోక్‌నగర్ భాషలో చెప్పాలంటే ఏజ్‌బార్ అయి చాలా కాలమైంది! మళ్లీ ముసుగు తొడుక్కుంటే ఒళ్లు సహకరించదు. ఒకప్పుడు క్షణాల్లో మట్టికరిపించినవాళ్ల చేతిలోనే దెబ్బలు తింటాడు. పక్కన సాయంగా నిలిచింది పదమూడేళ్ల అమ్మాయి. చివరికి అతను చేసే పనేంటో తెలుసా... గుహలో కూర్చుని తర్వాతి తరానికి పాఠాలు చెప్పడం!

1999లో జాన్ బర్న్ మరో అడుగు ముందుకేశాడు. 'సూపర్‌మ్యాన్ అండ్ బ్యాట్‌మ్యాన్: జనరేషన్స్'లో ఇద్దర్నీ 1939లో మొదలుపెట్టి, క్యాలెండర్ ప్రకారమే నడిపించాడు. పిల్లలు పుట్టారు, పెరిగారు, బాధ్యతలు చేతులు మారాయి. బ్రిటన్ వీక్లీలో 1977లో మొదలైన జడ్జ్ డ్రెడ్‌కైతే మనకి ఏడాది గడిస్తే అక్కడా ఏడాది గడుస్తుంది.

2019లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: లైఫ్ స్టోరీ' ఇంకాస్త గుండెకి తగులుతుంది. ఆరు సంచికలు, ఒక్కోటీ ఒక్కో దశాబ్దం. 1960ల్లో కాలేజీ కుర్రాడు, వియత్నాం వెళ్లాలా వద్దా అని నలిగిపోతాడు. ఆపైన సంసారం, కీళ్లనొప్పులు, నెరిసిన గడ్డం. చివరికి బాధ్యత మైల్స్ మొరాలెస్ అనే కుర్రాడి చేతికి వెళ్తుంది.

జాంబవంతుడి పని

ఇదంతా పడమటి దేశాల కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి వేదికల మీద హరికథలు విన్న పెద్దల్ని అడిగి చూడండి. మన వీరులు ఎప్పుడో ముసలివాళ్లయ్యారు!

రావణుడికి అడ్డుపడ్డ జటాయువు తన వయసు అరవై వేల ఏళ్లని తానే చెబుతాడు. అయినా రెక్కలు తెగేదాకా పోరాడతాడు. కురుక్షేత్రాన్ని గెలిచిన అర్జునుడు కృష్ణుడు పోయాక ద్వారక స్త్రీలని దొంగల నుంచి కాపాడలేకపోతాడు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది, అస్త్రాలు గుర్తుకురావు. ఏ సూపర్‌హీరో కథలోనూ ఇంతకంటే గుండె బరువెక్కించే పేజీ ఉండదేమో.

మరి జాంబవంతుడు? సముద్రం ఒడ్డున వానరులంతా ఎవరెంత దూకగలరో చెబుతుంటే ఆయన వంతు వస్తుంది. వయసులో ఉన్నప్పుడు త్రివిక్రముడి చుట్టూ ప్రదక్షిణం చేసినవాణ్ని, ఇప్పుడు తొంభై యోజనాలకి మించి దూకలేనంటాడు. దాటాల్సింది నూరు. పది తక్కువ! ఆయన అక్కడితో ఆగిపోతే రామాయణం అక్కడే ఆగిపోయేది. మౌనంగా కూర్చున్న హనుమంతుడి దగ్గరికెళ్లి, నీ బలమేంటో నీకు తెలీదంటూ గుర్తుచేస్తాడు. తాను దాటలేని సముద్రాన్ని మరొకరితో దాటిస్తాడు.

వయసుపెరగని వీరుడికి ఈ పని చేతకాదు. అతని తర్వాత ఎవరూ రావాల్సిన అవసరం లేదు కాబట్టి ఎవరికీ ఏమీ అప్పగించడు. ముసలితనం వచ్చినవాడే వారసుణ్ని వెతుక్కుంటాడు.

చిక్కడపల్లి, నారాయణగూడ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో ఈ జాంబవంతులు కొత్తేం కాదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయి, వయసు దాటిపోయి, బోర్డు ముందు నిలబడి పాఠాలు చెబుతుంటారు. ఎక్కడ తప్పటడుగు పడుతుందో వాళ్లకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఇంట్లో అయినా అంతే. ఆరేళ్ల పిల్లాడికి నాన్నే సూపర్‌మ్యాన్. కొన్నేళ్లు పోయాక ఆ నాన్న రెండో అంతస్తు మెట్ల దగ్గర కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఎప్పటికీ కుర్రాడిలా ఉండే హీరోల్ని మాత్రమే చదివిన పిల్లాడికి అది ఓటమిలా కనిపించొచ్చు. జాంబవంతుడి కథ కూడా విన్నవాడైతే... నాన్న చేతిలో సంచీ తీసుకుని, ఆయనతో అడుగు కలుపుతాడు.