కొసస్తలై ఒడ్డున పదిహేను లక్షల ఏళ్లనాటి పనితనం

చెన్నై శివారులోని అంబత్తూరుకు వాయవ్యంగా, తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు చేరే పూండి జలాశయానికి చేరువలో, కొసస్తలై నదీ పరీవాహక ప్రాంతంలో ఉన్న అత్తిరంపాక్కం ఆదిమానవ చరిత్రకు అమూల్యమైన స్థలం. 1863లో భూగర్భ శాస్త్రజ్ఞులు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ ఇక్కడ రాతి పనిముట్లను గుర్తించగా, 1999లో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం మొదలుపెట్టిన తవ్వకాలు వాటి వయసును తేల్చాయి.

అడుగు పొరల్లోని చేతిగొడ్డళ్లు, అంటే క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతిని రెండు వైపులా పెచ్చులూడగొట్టి మొన తేల్చిన పనిముట్లు, సుమారు 15 లక్షల ఏళ్లనాటివి. విశ్వకిరణాలు సోకిన రాతిలో పుట్టే అల్యూమినియం, బెరీలియం ఐసోటోపులు రాయి భూమిలో కూరుకుపోయాక వేర్వేరు వేగాలతో క్షీణిస్తాయి కనుక, మిగిలిన వాటి నిష్పత్తిని బట్టి ఈ కాలాన్ని లెక్కగట్టారు. పై పొరల్లో, దాదాపు 3,85,000 ఏళ్ల కిందట, పెద్ద గొడ్డళ్లు తగ్గి, ముందుగా చెక్కి సిద్ధం చేసుకున్న రాతి నుంచి కావలసిన ఆకారంలో తీసిన చిన్న పెచ్చులు పెరిగాయి. ఈ నేర్పు భారతదేశానికి చాలా ఆలస్యంగా, బయటి నుంచే వచ్చిందన్న అభిప్రాయాన్ని 2018లో వెలువడిన ఈ ఫలితం గట్టిగా ప్రశ్నించింది.

పొర నుంచి వేరైన రాయి తన కాలాన్ని చెప్పలేదు కనుక, ఈ ప్రాంతాన్ని చూడవచ్చేవారు కనిపించిన రాళ్లను ఏరుకోకుండా, పూండిలోని పురావస్తు ప్రదర్శనశాలలో పనిముట్లను చూడడం మేలు.