చేతిపనికి చదువులో చోటు

చేతివృత్తి కేంద్రంగా బోధన సాగాలని 1937లో వార్ధా విద్యాసదస్సులో గాంధీజీ ప్రతిపాదించారు. అయినప్పటికీ పన్నెండవ పంచవర్ష ప్రణాళిక (2012-17) అంచనా ప్రకారం మన దేశంలో 19-24 ఏండ్ల శ్రామికులలో వృత్తివిద్యను క్రమపద్ధతిలో అభ్యసించినవారు 5 శాతం లోపే. దక్షిణ కొరియాలో 96 శాతం. మార్కులు రానివారికే వృత్తివిద్య అన్న చిన్నచూపు ఇందుకు ఒక ప్రధాన కారణం. కుమ్మరి సారెను వర్ణించిన కవిని మెచ్చుకుంటాం. ఆ సారె త్రిప్పబోయే బాలుణ్ణి చూచి జాలిపడతాం!

నేడు సమగ్ర శిక్ష క్రింద కొన్ని ప్రభుత్వోన్నత పాఠశాలలలో తొమ్మిదవ తరగతి నుండే వృత్తివిద్య బోధిస్తున్నారు. దానిని విస్తరించడమంటే గదికొక బోర్డు తగిలించడం కాదు. పనిముట్లు కావాలి, పని తెలిసిన బోధకుడు కావాలి. పైచదువుకు దారి మూసుకుపోరాదు. ఇంటర్మీడియట్ వృత్తివిద్యా విద్యార్థులకు బ్రిడ్జి కోర్సు అట్టి దారియే. అదనపు పరీక్షలు వ్రాసి వారు ఇంజనీరింగ్ వంటి చదువులకూ అర్హత పొందవచ్చు.