సెలీనియం - ప్రేగుల ఆరోగ్యం

సెలీనియం ఒక రసాయన మూలకము. దీని పరమాణు సంఖ్య 34. 1817లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త బెర్జీలియస్ దీనిని కనుగొని, గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరు మీదుగా నామకరణం చేశాడు. మానవ దేహానికి ఇది రోజుకు కొన్ని పదుల మైక్రోగ్రాములు మాత్రమే అవసరం. మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఈ స్వల్ప పరిమాణం లోపించినా కీడే, మితిమీరినా కీడే. ప్రేగుల వాపు, కాన్సర్ విషయాలలో సెలీనియం పాత్రను అర్థం చేసుకొనడానికి ఈ సూత్రమే ఆధారము.

ఆక్సీకరణ ఒత్తిడి

పొయ్యి మండినపుడు వేడితో పాటు పొగ కూడా వచ్చినట్లే, జీవకణాలు ఆక్సిజన్‌ను వినియోగించుకొని శక్తిని పొందేటపుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి హానికర పదార్థాలు కూడా పుడతాయి. వీటిని తొలగించే శక్తి చాలనపుడు కణంలోని కొవ్వులు, ప్రోటీనులు, డి.ఎన్.ఏ. దెబ్బతింటాయి. ఈ స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

సెలీనియం నేరుగా ఈ పని చేయదు. సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో భాగమై కొన్ని ప్రోటీనులలో చేరుతుంది. మానవులలో ఇటువంటి ప్రోటీనులకు 25 జన్యువులు ఉన్నవి. వీటిలో ముఖ్యమైన గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా మారుస్తుంది. ఈ ఎంజైములో సెలీనియం ఉన్నదని 1973లో తెలిసింది.

ప్రేగులలో పాత్ర

ప్రేగు లోపలి పొర ఒకే వరుస కణాలతో ఏర్పడినది. దానికి ఒకవైపు ఆహారము, కోటానుకోట్ల సూక్ష్మజీవులు, మరొకవైపు రక్తనాళాలు. ఈ పొరను కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్-2 ముఖ్యంగా జీర్ణనాళంలోనే ఉంటుంది. ఒకటవ, రెండవ రకాల పెరాక్సిడేజులు రెండూ లేకుండా పెంచిన ఎలుకలలో ప్రేగులకు వాపు వచ్చి, కొన్నింటిలో కణుతులు కూడా ఏర్పడ్డాయి.

వాపు ఉన్నచోట తెల్ల రక్తకణాలు ఆక్సీకరణ పదార్థాలను విడుదల చేస్తాయి. ఏళ్ళ తరబడి వాపు కొనసాగితే డి.ఎన్.ఏ.లో మార్పులు పోగుపడతాయి. దీర్ఘకాలం అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారికి పెద్దప్రేగు కాన్సర్ ముప్పు పెరగడానికి ఇదొక కారణము. ఇటువంటి రోగుల రక్తంలో సెలీనియం తక్కువగా ఉండడం తరచు కనిపిస్తుంది. అయితే వాపు వలన కూడా రక్తంలో సెలీనియం తగ్గుతుంది. కనుక లోపమే రోగానికి కారణమని చెప్పడానికి వీలు లేదు.

కాన్సర్ - మానవులపై పరీక్షలు

1996లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో, అంతకు ముందు చర్మ కాన్సర్ వచ్చిన 1,312 మందిలో కొందరికి రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చారు. చర్మ కాన్సర్ తగ్గలేదు గాని ప్రోస్టేట్, ఊపిరితిత్తి, పెద్దప్రేగు కాన్సర్లు తక్కువగా కనిపించాయి. ఆ మేలు కూడా ముఖ్యంగా మొదట సెలీనియం తక్కువగా ఉన్నవారిలోనే అని తరువాతి విశ్లేషణలో తేలినది.

ఈ ఆశతో 2001లో 'సెలెక్ట్' అనే పరీక్షను 35 వేలకు పైగా పురుషులతో ప్రారంభించారు. ప్రయోజనం కనబడనందున 2008లో మాత్రలు ఆపివేశారు. అప్పటికే తగినంత సెలీనియం ఉండి మాత్రలు వాడినవారిలో తీవ్రమైన ప్రోస్టేట్ కాన్సర్ ముప్పు పెరిగినట్లు 2014లో వెల్లడైనది.

కృష్ణా డెల్టా ఆహారం

గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉన్నవి. ఇక్కడి ప్రధాన పంట వరి. ప్రసిద్ధి చెందిన సాంబమసూరి (బి.పి.టి. 5204) వంగడం బాపట్లలోనే రూపొందినది. వరి తరువాత మినుము వేయడం ఈ ప్రాంతపు అలవాటు.

ధాన్యంలోని సెలీనియం వంగడం కంటె నేలపైన ఎక్కువగా ఆధారపడుతుంది. నీరు నిలిచిన మాగాణిలో గాలి ఆడక, సెలీనియం వేళ్ళు తీసుకొనలేని రూపాలలోకి మారుతుంది. కావున అన్నం ఒక్కదానిపైనే ఆధారపడటం మంచిది కాదు. సూర్యలంక, నిజాంపట్నం తీరాలలో దొరికే చేపలు, గ్రుడ్లు, మాంసము మంచి ఆధారాలు. శాకాహారులకు పప్పుధాన్యాలు తోడ్పడతాయి.

నేల భేదానికి రెండు ఉదాహరణలు ప్రసిద్ధము. చైనాలోని కెషాన్ ప్రాంతంలో సెలీనియం లోపం వలన గుండెజబ్బు ప్రబలినది. పంజాబులోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాలలో కొన్నిచోట్ల నేలలో ఇది అధికమై పశువుల గిట్టలు ఊడిపోయాయి.

పరిమితి, జాగ్రత్తలు

అమెరికా ప్రమాణం ప్రకారం పెద్దలకు రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో గరిష్ఠ పరిమితిని 255 మైక్రోగ్రాములుగా నిర్ణయించినది. చాలాకాలం మితిమీరితే జుట్టు రాలడం, గోళ్ళు పెళుసుబారడం, ఊపిరిలో వెల్లుల్లి వాసన కలుగుతాయి.

కాన్సర్ రాకుండా ఉంటుందని సెలీనియం మాత్రలు వాడటానికి ఆధారం లేదు. మలంలో రక్తం, ఎడతెగని విరేచనాలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం కనిపిస్తే, మాత్రలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను. ప్రేగు కాన్సర్‌ను తొలిదశలో గుర్తిస్తే నయమయ్యే అవకాశాలు ఎక్కువ.