తొలి బొగ్గు గనులు, కొయ్యపట్టాల దారులు: మిగిలిన ఆనవాళ్లు

ఆవిరి యంత్రం కంటే పట్టాల దారి పాతది. ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలోని బొగ్గు గనుల నుండి టైన్ నదీతీరపు రేవులకు బొగ్గు చేరవేయుటకు 17, 18వ శతాబ్దాలలో కొయ్యపట్టాలు పరచి, వాటిపై గుర్రపు బండ్లు నడిపారు. 'వ్యాగన్‌వే'లుగా పేరొందిన ఈ మార్గాల ఆనవాళ్లు నేటికీ కొన్ని చోట్ల నిలిచి ఉన్నాయి.

ఒక్కొక్క బండిలో సుమారు 2.7 టన్నుల బొగ్గు పట్టేది. మట్టిబాటపై ఇంత బరువును లాగడం ఒక్క గుర్రానికి అసాధ్యం. పల్లంలో బండి తన బరువుతోనే దిగేది. బండివాడు కొయ్యమీటను చక్రానికి అదిమి వేగాన్ని అదుపు చేయగా, గుర్రం వెనుక నడిచి వచ్చేది. ఇల్లందులో 1889లో సింగరేణి తవ్వకాలు మొదలైన నాటికి ఆవిరి రైళ్లు వచ్చి అర్ధశతాబ్ది దాటినందున, అక్కడి రవాణాకు ఈ దశతో పని లేకపోయింది.

దారి వాలు సమంగా ఉండవలెను గనుక లోయలకు మట్టికట్టలు, వంతెనలు తప్పనిసరి అయినాయి. డర్హం కౌంటీలోని కాజీ ఆర్చి వీటిలో ముఖ్యమైనది. గని యజమానుల కూటమి కోసం రాల్ఫ్ వుడ్ అనే తాపీమేస్త్రి 1725-26లో నిర్మించిన ఈ రాతి వంతెన ఒకే కమానుతో సుమారు 31 మీటర్ల వెడల్పున లోయను దాటుతుంది. 1739లో టాన్‌ఫీల్డ్ గని అగ్నికి ఆహుతి కావడంతో దీని వినియోగం తగ్గింది. 1980వ దశకంలో మరమ్మతులు చేయబడిన ఈ వంతెనపై నేడు పాదచారులు నడుస్తున్నారు.

రాయి, మట్టి నిలిచినంతగా కొయ్య నిలవదు. గాలి చొరబడని తడినేలలో మాత్రమే అది చెడకుండా ఉంటుంది. 2013లో న్యూకాజిల్ సమీపాన, పూర్వపు నౌకా నిర్మాణశాల స్థలంలో కొత్త నిర్మాణాలకు ముందు జరిపిన తవ్వకాలలో 18వ శతాబ్ది చివరి నాటి విల్లింగ్టన్ వ్యాగన్‌వే సుమారు 25 మీటర్ల మేర బయల్పడింది. పట్టాల మధ్య దూరం నేటి ప్రామాణిక గేజికి దాదాపు సమానం. పాత ఓడల కలపను సైతం ఇందులో వాడారు. కొయ్య చక్రాలు ఎండి పగలకుండా బండ్లను తడిపేందుకు కట్టిన నీటిగుంట కూడా లభించడం విశేషం.

ముందస్తు తవ్వకం జరగనిచో ఈ దారి కొత్త పునాదుల కింద చెదిరిపోయేది. బయటపడిన కలపకు మరొక చిక్కు ఉన్నది: తడి ఆరిన వెంటనే అది ముడుచుకొని పగులుతుంది. అందువలన సంరక్షణ ప్రక్రియ పూర్తయ్యే వరకు దానిని తడిగానే ఉంచవలసి ఉంటుంది.