ముఖానికి మార్గాలున్నాయి... మోసాలూ ఉన్నాయి

కుప్పం: తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవారు చీర కట్టి, పూలు పెట్టుకొని మొక్కు తీర్చుకోవడం ఈ ప్రాంతం వారికి తెలిసిందే. మొక్కు తీరగానే వేషం తీసేస్తారు. కాని మగబిడ్డగా పుట్టి మనసా స్త్రీగా బతికేవారికి అది వేషం కాదు. సంతలో, బస్సులో, పని అడగబోయిన చోట జనం ముందు చూసేది వారి ముఖాన్నే. గడ్డం, గొంతుముడి, వెడల్పాటి దవడ చూసి నవ్వేవారే ఎక్కువ.

యుక్తవయసులో పురుష హార్మోను వల్ల నుదుటి ఎముక, దవడ పెరుగుతాయి. పెరిగిన ఎముకను ఏ మందూ తగ్గించలేదు. స్త్రీ హార్మోన్లు వాడితే చర్మం మెత్తబడి, బుగ్గల్లో కొవ్వు చేరుతుంది. ఇందుకు నెలలు, ఏళ్లు పడుతుంది. గడ్డం మాత్రం పోదు. నల్లని వెంట్రుకలకు లేజరు, నెరసినవాటికి ఎలక్ట్రాలిసిస్ పనికివస్తాయి. రెండూ అనేక విడతలు చేయించుకోవాలి. కనుబొమలు తీర్చుకోవడం, జుట్టు నుదుటిపైకి దువ్వుకోవడం ఖర్చులేని పనులు; వద్దనుకుంటే మానేయవచ్చు.

ఎముకను మార్చేది శస్త్రచికిత్స ఒక్కటే. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ డగ్లస్ ఔస్టర్‌హౌట్ 1980 దశకంలో ఈ పద్ధతులను రూపొందించారు. నుదుటి ఎముకను అరగదీస్తారు. ముక్కు, దవడ, గొంతుముడి చిన్నవి చేస్తారు. ఖర్చు ఎక్కువ. రక్తస్రావం, చీము పట్టడం, తిమ్మిరి వంటి ప్రమాదాలున్నాయి. తీసిన ఎముక తిరిగి రాదు. అందుకే ప్లాస్టిక్ సర్జరీలో, దవడ ఎముకల శస్త్రచికిత్సలో అనుభవమున్న వైద్యులే చేయాలి.

ఇంట్లో చెప్పుకోలేనివారు చాటుమాటు వైద్యానికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అర్హత లేనివారు బుగ్గలకు ఎక్కించే సిలికాన్ రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే మనిషి చనిపోవచ్చు. రక్తపరీక్షలు లేకుండా స్నేహితులు చెప్పిన హార్మోను మాత్రలు మింగితే రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.

ఆపరేషన్ అందరికీ అవసరం లేదు. లింగ గుర్తింపు కోసం ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టడం తగదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. హార్మోను చికిత్స, లింగమార్పిడి శస్త్రచికిత్సలకు వసతి కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని 2019 నాటి చట్టం పేర్కొంది.

కనుక ఇలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులు నలుగురూ ఏమనుకుంటారోనని గెంటివేయకుండా, ముందు పెద్దాసుపత్రిలో హార్మోన్ల వైద్యునికి, మానసిక వైద్యునికి చూపించడం మేలు. తోడుగా ఇంటి మనిషి ఉంటే ఆ బిడ్డ దొంగవైద్యుని గడప తొక్కదు.