గోల్ఫ్ కార్టుకు నంబరు ప్లేటు!

"ఇదేంట్రా, తలుపుల్లేని కారు! మన ఊరి ఆటోలా ఉంది" అంది అమ్మ, మా పాత గోల్ఫ్ కార్టు ఎక్కుతూనే.

మేం ఉండేది ఫ్లోరిడాలో. అమ్మనీ, మా చిన్నాడినీ కాలనీలో తిప్పుదామని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఓ సాయంత్రం కూరగాయల కోసం గేటు దాటి రోడ్డెక్కా. కాసేపటికే వెనక పోలీసు లైట్లు! ఆయన జరిమానా వెయ్యలేదు గానీ ఒక ప్రశ్న వేశాడు: "వెనకనుంచి కారు గుద్దితే మీ అమ్మగారు సీట్లోనే ఉంటారా?" బండిలో బెల్టులే లేవు. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి రూల్స్ చదివా. ఇక్కడి చట్టం ప్రకారం గంటకు 20 మైళ్లు దాటలేనిది గోల్ఫ్ కార్టు. దానికి అనుమతి ఉన్న వీధులే దిక్కు. 20 దాటి 25 మైళ్ల లోపు వెళ్లేలా మార్చి, రక్షణ సామగ్రి బిగిస్తే 'లో స్పీడ్ వెహికల్' అవుతుంది. 1998లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన తరగతి ఇది. అయినా స్పీడ్ లిమిట్ 35 మైళ్లు మించని రోడ్లమీదే నడపాలి.

ఏమేం కావాలంటారా? హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు, వెనక చూసే అద్దాలు, విండ్‌షీల్డ్, పార్కింగ్ బ్రేకు, సీటు సీటుకీ బెల్టు. లైట్లు ఒక్క పూటలో అయిపోయాయి. బెల్టులకే రెండు రోజులు. "సీటు కింది చెక్కకి బిగిస్తే ఊడొస్తుంది, ఫ్రేముకే బిగించాలి" అన్నాడు మెకానిక్.

తర్వాత ఇన్‌స్పెక్షన్. అక్కడికి నడుపుకుంటూ వెళ్లకూడదు, ట్రైలర్ మీదే తీసుకెళ్లాలి! తూకం చీటీ, విడిభాగాల రసీదులు, అఫిడవిట్ చూసి బండికో గుర్తింపు నంబరు ఇచ్చారు. ఆపైన ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ప్లేటు. నడిపేవాళ్లకి లైసెన్స్ ఎలాగూ ఉండాలి.

మీరూ కార్టు కొనేముందు మీ ఇంటి చుట్టుపక్కల బోర్డుల మీద స్పీడ్ లిమిట్ చూసుకోండి. మా గుడి దారిలో 45 మైళ్లు. కాబట్టి అక్కడికి కారే గతి.

కూరగాయలకి మాత్రం కార్టే. అమ్మ ముందు మనవడికి బెల్టు పెట్టి, తను పెట్టుకుని, అప్పుడంటుంది: "ఇక పోనీరా!"